ఆకుపచ్చ కారుకి తెల్ల చీటీ

పొద్దున్నే జిగురన్నం ఆవిరికి పెట్టి శ్రీనువాన్ వాకిట్లోకి తొంగిచూసింది. మొగుడు ఇన్‌ఖమ్ ఆమె నడుముకు చుట్టుకునే పాత పట్టుగుడ్డతో కారు తుడుస్తున్నాడు.

"నాకు నూలు చాలన్నారు. దానికి మాత్రం పట్టు కావాల్సొచ్చింది."

"నూలుతో తుడిస్తే గీతలు పడతాయే."

థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న లంపాంగ్‌లో వాళ్ళ సందు మొత్తానికీ అలాంటి కారు ఇంకోటి లేదు. ఆ ఆకుపచ్చ ఇప్పటికీ తడిసిన అరటాకులా మెరుస్తుంది. సీట్ల మీద మరక లేదు, ఎందుకంటే అందులో ఏ మనవడూ ఐస్‌క్రీమ్ తినలేదు.

చూపు మందగించింది, ఇక బండి నడపొద్దని కంటి డాక్టరు చెప్పాక ఇన్‌ఖమ్ అమ్మకానికి ఒప్పుకున్నాడు. దళారులకు కాదు, సందులోవాళ్ళకే. కానీ ఒకాయన తలుపు దభాలున వేశాడని, ఇంకొకావిడ బురద చెప్పులతో ఎక్కిందని వెనక్కి పంపేశాడు.

"కూతురి సంబంధానికి కూడా ఇన్ని వంకలు పెట్టలేదు మీరు" అంది శ్రీనువాన్.

ఆ రోజు సందు చివరి నర్సు ఓరతై, అత్తగారు తోంగ్‌బైతో వచ్చింది. చెప్పులు బయటే విప్పి ఎక్కింది, తలుపు నెమ్మదిగా మూసింది. ఇన్‌ఖమ్ ముఖం విప్పారింది.

"రాత్రి డ్యూటీకి వానలో మోటారుసైకిల్ మీద పోతున్నా బాబాయ్. కారుంటే బాగుంటుంది."

"నీ చేతిలో పెట్టొచ్చమ్మా."

అంతలో తోంగ్‌బై సంచిలోంచి అంటించే చీటీ ఒకటి తీసింది. 'ఈ బండి రంగు తెలుపు' అని పెద్దక్షరాలు. "మా కోడలు శనివారం పుట్టింది. శనివారం వాళ్ళకి ఆకుపచ్చ అచ్చిరాదు కదా. వెనక ఇది అంటిస్తే దోషం పోతుంది."

సందులో సగం బండ్లకి అలాంటి చీటీలున్నాయి. అయినా ఇన్‌ఖమ్ బిగుసుకుపోయాడు.

"మీ కళ్ళకి ఇది తెల్లగా కనబడుతోందా వదినా?"

"కనబడక్కర్లేదు అన్నయ్యా, రాసుంటే చాలు."

"ఇన్నేళ్ళూ ఈ రంగు కాపాడింది అబద్ధం అంటించడానికా? బేరం లేదు."

తోంగ్‌బై చీటీని బల్ల మీద విసిరి, కోడల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

శ్రీనువాన్ పొయ్యి ఆర్పి వచ్చింది. "ఈసారి వంక బాగా దొరికింది."

"అమ్మకపోతే ఏం? రేపు బజారుకి నేనే తోలుకెళ్తా."

"మొన్న బట్టలకొట్టు ముందు బొమ్మకి నమస్కారం పెట్టారు. తిరిగి పెట్టలేదని ఇంటికొచ్చేదాకా తిట్టారు."

ఇన్‌ఖమ్ పట్టుగుడ్డని మడతపెట్టసాగాడు.

"డాక్టరు వద్దన్నాక కూడా బండి తీశారు. కాలవగట్టు మీద 'ఎడమకి, ఎడమకి' అని చెప్పిందెవరు? పక్కన కూర్చుని ఊరు చూస్తున్నాననుకున్నారా? కారు మీద గీత పడలేదని మీకు గర్వం. మీ మీద గీత పడకుండా ఇంటికి తెచ్చానని నాకూ గర్వమే. నేనెవరికి చెప్పుకోను?"

అతను తినకుండానే లేచిపోయాడు. కాసేపటికి శ్రీనువాన్ చూస్తే బల్ల మీద చీటీ లేదు. అది తిరిగిచ్చేయడానికి బండి తీశాడేమోనని వాకిట్లోకి పరిగెత్తింది. కారు అక్కడే ఉంది. దాని వెనక గొంతుక్కూచుని, ఇన్‌ఖమ్ చీటీని పట్టి చూస్తున్నాడు.

"నువాన్, తిన్నగా ఉందా?"

కారు విషయంలో అతను ఆమెని ఏనాడూ ఏదీ అడగలేదు.

"ఎడమపక్క కిందికి దిగింది."

"అయితే నువ్వే అంటించు." చీటీ ఆమె చేతికిచ్చాడు. "నాకు కనబడట్లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని అంటించింది. అతను పట్టుగుడ్డతో చీటీ కింద గాలిబుడగల్ని ఒక్కటీ లేకుండా నొక్కేశాడు.

కబురందుకుని మర్నాడు తోంగ్‌బై కోడలితో నవ్వుతూ వచ్చింది. ఇన్‌ఖమ్ అద్దానికి మల్లెదండ వేసి, బండిని కాచే తల్లికి దణ్ణం పెట్టి సెలవడిగాడు, తాళం ఓరతై చేతిలో పెట్టాడు. ఆ పిల్ల ఇద్దర్నీ ఓ చుట్టు తిప్పుతానంది. ఆ కారులో మొగుడూ పెళ్ళాం వెనక సీట్లో పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఇంజను చప్పుడు వింటూ ఇన్‌ఖమ్ నిటారుగా కూర్చున్నాడు.

సందు మొదట్లో అరటిపళ్ళాయన కేకేశాడు. "ఏం ఇన్‌ఖమ్, తెల్ల కారు అమ్మేశావటగా?"

"కుడిపక్కన ఉన్నాడు" అని గొణిగింది శ్రీనువాన్.

ఇన్‌ఖమ్ కుడివైపు తిరిగి అద్దం దించాడు. "అమ్మేశా. ఇంత నిగనిగలాడే తెలుపు ఈ ఊళ్ళో ఎక్కడైనా చూశావా?"