పదకొండో నంబరు

“గీ లిస్టు రాసినోళ్ళు ఎన్నడన్న బాలికి పోయిన్రా?”

రోజారమణి సాయిని అడిగిన మొదటి ప్రశ్న అది. భువనగిరి బస్టాండ్ ఎదురుగా ఉన్న సాయి ఆన్‌లైన్ సెంటర్‌లో ప్రింటర్ ఇంకా గరగరమంటూనే ఉంది. పాస్‌పోర్టుకనో వీసాకనో వచ్చిన ప్రతివాళ్ళకూ సాయి ఒక కాగితం ఉచితంగా ఇస్తాడు. ఆ దేశంలో చూడాల్సినవి, తినాల్సినవి, చేయాల్సినవి కలిపి పది. దుబాయ్‌కి ఒక లిస్టు, మలేషియాకి ఒకటి, సింగపూర్‌కి ఒకటి. ఇంత చేసి సాయికి పాస్‌పోర్టే లేదు.

“పోలె,” అన్నాడు నిజాయితీగా.

“పోకుంటనే అగ్నిపర్వతం మీదికెళ్ళి పొద్దుపొడుపు చూడుమని రాసినవా?”

“నెట్ల ఉంది.”

“నెట్ల నా పెండ్లి ఫోటోలు గూడ ఉన్నయేమో చూడు.”

“పెండ్లయిందా?” అనేసి సాయి నాలుక కరుచుకున్నాడు.

“అవివాహిత అని ఇప్పుడే కొట్టినవు గద ఫారంల!”

రోజారమణి చేనేత సంఘంలో డిజైన్లు వేస్తుంది. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే చిటికి పనిలో ఆమెది అందె వేసిన చేయి. అలాంటి పనే బాలిలోనూ ఉందట. అక్కడివాళ్ళకు మన పద్ధతి నేర్పి, వాళ్ళ పద్ధతి తాను నేర్చుకునేందుకు నాలుగు నెలలకు పంపుతున్నారు. ఆమె డిజైన్లు నేసేది సాయి తండ్రి సిద్దయ్యే. సాయి మాత్రం డిగ్రీ అయ్యాక మగ్గం వైపు తిరిగి చూడలేదు.

పాస్‌పోర్టుకు, ఫోటోలకు, వీసాకు కలిపి రెండుసార్లు వస్తే సరిపోయేది. సాయి ఆరుసార్లు రప్పించాడు. ఒకసారి సర్వర్ లేదన్నాడు, ఒకసారి ఫోటోలో చెవి కనపడలేదన్నాడు. ఆ చెవికి వేలాడే బుట్టకమ్మను అతను అప్పటికే బాగా చూసి ఉన్నాడు.

ఆరోసారి ఆమె, సాయి మళ్ళీ కొత్తగా ప్రింటు తీసిచ్చిన లిస్టు మడతపెట్టబోతూ ఆగింది. “పది అన్నవు. కింద పదకొండు అని ఉందేంది? పక్కన ఖాళీ.”

“ప్రింటింగ్ మిస్టేక్,” అన్నాడు సాయి, ప్రింటర్ మీదికి నింద నెట్టేసి.

బాలి నుంచి రోజూ సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చేది, నంబర్లవారీగా.

“నంబర్ మూడు, గాడో గాడో. ఉడకబెట్టిన కూరగాయల మీద పల్లి చట్నీ పోసిచ్చిన్రు. గీ పల్లి చట్నీ కోసం విమానం ఎక్కాల్నా? మా అమ్మ దినాం నూర్తది.”

“నంబర్ ఆరు, కోతుల అడివి. కోతి నా కండ్లద్దాలు ఎత్కపోయింది. అరటిపండు ఇయ్యంగనే వాపస్ ఇచ్చింది. నీ లెక్క ఆరుసార్లు తిప్పలే.”

“నంబర్ రెండు, అగ్నిపర్వతం. మబ్బు తప్ప ఏం కనపడలే. కాని సాయీ, మబ్బు గూడ మంచిగుండె.”

ఈ చివరి మెసేజ్‌ను సాయి నాలుగుసార్లు విన్నాడు. కువైట్ వీసా కోసం వచ్చినాయన దగ్గితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ప్రతి మెసేజ్ చివరా ఒకటే ప్రశ్న: “పదకొండోది ఏంది?” సాయి జవాబూ ఒకటే. పాపం ప్రింటర్.

మూడో నెలలో మెసేజ్ నంబర్ లేకుండా వచ్చింది. “రెండేండ్లు గీడనే ఉండుమంటున్రు. అమ్మ నీ ఇష్టమన్నది. వచ్చే ఆదివారం లోపల చెప్పాలె. ఉంటనంటె వీసా ఫారం నువ్వే నింపాలె.”

సాయి ఉండొద్దు అని కొట్టాడు, తుడిపేశాడు. చివరికి పంపిందేమిటంటే, “సరే. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో పంపు.”

“మంచి సెంటరోనివి,” అని వచ్చింది జవాబు. మరి మెసేజ్‌లు లేవు. సాయి తన తల తనే మొట్టుకున్నాడు.

బుధవారం నాగరాణి దిగింది. రోజారమణితో కలిసి వెళ్ళి, తమ్ముడి పెళ్ళికని ముందే తిరిగొచ్చిన అమ్మాయి. ఒక పొడుగాటి డబ్బా సాయి చేతిలో పెట్టింది. అందులో రోజారమణి రంగులద్దిన నూలు, అడ్డపోగుకు ముప్పై కండెలుగా చుట్టి, నేయాల్సిన వరసలో దారానికి గుచ్చి ఉంది. పైన చీటీ: “సిద్దయ్య మామకియ్యి. దారం ఇప్పకు.”

డబ్బా స్కూటీలో పట్టలేదు. సాయి దారం తెంపి, కండెలన్నీ క్యారీబ్యాగ్‌లో పోసుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

సిద్దయ్య నాలుగు కండెలు నేసి మగ్గం ఆపాడు. బట్ట మీద రంగులు చెల్లాచెదురుగా ఉన్నాయి.

“దారం ఏదిరా?”

“తెంపిన బాపు. నూలే గద, ఏది ముందు నేస్తె ఏంది?”

“మగ్గం ఉన్న ఇంట్ల పుట్టి అడిగే మాటేనారా గిది? గా పిల్ల ఫోన్ల చెప్పిన కోతి నీకన్న నయం. అరటిపండుకన్న మాటినె.”

రెండు రోజులు సెంటర్ షట్టర్ లేవలేదు. నేసినదంతా విప్పి, ఒక్కో కండె కొస లాగి, దాని మరక ముందుదాని మరకతో కలుస్తుందో లేదో చూస్తూ కూర్చున్నాడు సాయి. కళ్ళు మండాయి, నడుము పట్టేసింది. శనివారం పొద్దున వరస కుదిరింది. తండ్రి నేస్తుంటే ఎర్రటి బట్ట మీద రెండు తెల్లటి నిలువు గీతలు లేచాయి. పదకొండు. దాని పక్కన నలుచదరంగా తెల్లటి గడి.

“గీడ రంగు లేదేంది బాపు? మర్శిందా?”

“మర్శిపోతె రంగు పడ్తది. చిటికి కట్టింది గీ జాగకే. రంగు అంటకుంట బిగ్గరగ కట్టి కాపాడింది. ఖాళీ ఊకెనే రాదు బిడ్డా.” సిద్దయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు. “పదకొండంటే ఏందిరా?”

సాయి ఆ తెల్లటి గడిని వేలితో తడిమాడు.

“అడిగింది నన్నయితె కాదు. ఫోన్ చెయ్యి.”

వీడియోలో రోజారమణి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనక బాలి వాన దంచి కొడుతోంది.

“వరస తప్పింది, మల్ల కుదిర్చిన,” అన్నాడు సాయి బట్ట చూపిస్తూ.

“తెలుసు. మామ బుధవారమే చెప్పిండు. పదకొండు చెప్పు.”

“తిరిగి రావాలె అని కొట్టిన ఆ రోజు. భయమై తుడిపిన. నంబర్ తుడుపుడు మర్శిన.” సాయి బట్ట కిందికి దించాడు. “నువ్వు ఉంటనంటె ఫారం నింపుత. ఒక్క తప్పు లేకుంట నింపుత. కాని నాకు ఇష్టం లేదు. నాకు నువ్వు ఇష్టం.”

“ఏందీ? వాన. ఏం వినపడ్తలేదు.”

“నాకు నువ్వు ఇష్టం!” అరిచాడు. ఇంట్లో మగ్గం చప్పుడు టక్కున ఆగింది.

“మొదటిసారే వినపడ్డది,” అంది రోజారమణి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “రెండేండ్లు కాదు, ఏడాదికి రెండు నెలలు గీడికి వస్తనని చెప్త వీళ్ళకు. కాని ఒక్కదాన్నే రాను.”

నెల తర్వాత ఆమె సెంటర్‌లో అదే కుర్చీలో కూర్చుంది. పక్కన తల్లి సావిత్రమ్మ, గుమ్మంలో సిద్దయ్య.

“ఇగ నీ పాస్‌పోర్టు ఫారం తియ్యి. నంబర్ రెండు మబ్బుల పోయింది. మల్ల ఎక్కాలె.”

సాయి టకటకా కొట్టుకుంటూ వెళ్ళి, ఒక గడి దగ్గర ఆగిపోయాడు. భార్య పేరు.

“నా పేరు మర్శినవా?”

“పెండ్లి కాకముందే కొట్టొద్దు. ఫారం వాపసొస్తది.”

“అయితే ఫారం పక్కకు వెట్టు బిడ్డా,” అంది సావిత్రమ్మ. “ముందుగాల ముహూర్తం చూద్దాం. ఏమంటవు సిద్దన్నా?”

“నేనేమంట? వాడు అరిసిన నాడే మా వాడకట్టంత ఒప్పుకున్నది,” అన్నాడు సిద్దయ్య.

సాయి ఆ గడిని ఖాళీగానే ఉంచి ఫారం సేవ్ చేశాడు. రోజారమణి అతని వైపు వంగి, బుట్టకమ్మ ఊగుతుండగా గొంతు తగ్గించి అడిగింది.

“ఈ పనికి ఎన్నిసార్లు తిప్పుతవు?”

“ఒక్కసారే,” అన్నాడు సాయి. “వచ్చినంక పోనియ్య.”