రాగి పూత

ఉదయం 10:40. బొగ్గు గని నాలుగో గ్యాలరీలో బొగ్గు పేల్చడానికి, మందుగుండు పేల్చే షాట్‌ఫైరర్ మీట నొక్కాడు. గ్యాస్ భగ్గుమంది. అతని శవాన్నే పైకి తెచ్చారు.

మధ్యాహ్నం రెండింటికి గనుల భద్రతా ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

"గ్యాస్ చూడకుండా పేల్చాడు. తప్పు చచ్చినవాడిదే. రాసుకుని వెళ్ళండి మేడమ్," అన్నాడు మేనేజర్.

"మా ఆయనా? పాలు కూడా రెండుసార్లు వాసన చూసి తాగే మనిషి!" మృతుడి భార్య విరుచుకుపడింది. "చచ్చినోడికి నోరు లేదనేగా ఈ నిందలు?"

"ఈవిణ్ణి బయటికి పంపండి."

"ఇక్కడే ఉంటారు," అంది ఇన్‌స్పెక్టర్.

మందుగుండు గది స్టోర్‌కీపర్‌ని పిలిచింది.

"పొద్దున ఏం డిటొనేటర్లు ఇచ్చారు?"

"రాగివే. గనిలో అవే కదా వాడాలి!"

"చూసే ఇచ్చారా?"

"ఇరవై ఏళ్ళ సర్వీసు. నాకు పాఠాలు చెప్పొద్దు!"

3:10కి ఆమె గనిలోకి దిగింది. పేలిన చోట కొయ్య దిమ్మలో చిన్న రేకు గుచ్చుకుని ఉంది. పైకి రాగి రంగే. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఆమె చాకుతో పెకలించి తీసింది.

5:15. మళ్ళీ ఆఫీసు. ముగ్గురూ ఉన్నారు.

"ఇది డిటొనేటర్ ముక్క. విరిగిన అంచు చూడండి."

"తెల్లగా ఉంది," అంది భార్య.

"అల్యూమినియం. బయట రాతి క్వారీల్లో వాడేది. పేలినప్పుడు ఇది మండుతుంది. ముందు ఎంత చూసుకున్నా, బొగ్గులోంచి ఊరే గ్యాస్‌కి ఆ రవ్వ చాలు. అందుకే గనిలో నిషేధం. మరి దీనికి రాగి రంగు ఎవరు పూశారు?"

స్టోర్‌కీపర్ మేనేజర్ వైపు చూశాడు.

"నిన్న తెల్లవే ఇచ్చాను మేడమ్. చనిపోయినాయన వాటిని నా మొహాన కొట్టి వెళ్ళాడు. చవకని వాటిని తెప్పించి, రంగు పూసి ఇవ్వమన్నది ఈ మేనేజర్ సారే!"

"నోర్ముయ్ వెధవా!" మేనేజర్ లేచాడు.

"ఎన్నింటికి పూశావ్?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"యాభై."

"పొద్దున వాడినవి పోను మిగతావేవి?"

"రెండో షిఫ్టు... పట్టుకుని వేరే గ్యాలరీలోకి దిగింది."

ఆమె గని ఫోన్ అందుకుంది. "పేల్చొద్దు! మీట వదిలేయండి!"

అవతల ఎవరో గొణిగారు. "వైర్లు కలిపేశాం మేడమ్. ఇంకో నిమిషంలో నొక్కేవాళ్ళం."

"విప్పి పైకి రండి. ఎంతమంది ఉన్నారక్కడ?"

"ఇరవై ఒక్కమందిమి."

ఆ మాట విన్నాకే, పొద్దుటి నుంచి కంట తడి పెట్టని ఆ ఇల్లాలు గోడకి జారబడి భోరుమంది.