పొద్దుటి నీడ

ఆమె కుడివైపే వాలింది. ఆ విషయంలో ఆమెకు ఏ అనుమానమూ లేదు. అయినా టీవీలో మంచుమీద జారే స్నోబోర్డు చెక్క మీదున్న బొమ్మ ఎడమవైపు జారి, చెట్టుకు గుద్దుకుని మంచులో బోర్లా పడింది. దాని పక్కనే ఇంకో బొమ్మ, తెల్లగా, అవతలి చెట్లు కనిపించేంత పల్చగా, అదే చెట్టుకు గుద్దుకుని పడింది.

"మిషన్ చెడిపోయినట్టుందండీ" అంది ఆమె.

"మిషన్ బాగానే ఉంది. నువ్వే కాలిని దాచుకుంటున్నావు" అంది ఫిజియోథెరపీ మేడమ్. "మనసులో కుడికి వాలి, ఒంట్లో ఎడమకి వాలితే అది ఎవరి మాట వినాలి?"

ఆమె టైలరు. ఇరవై రెండేళ్ళు. మెట్లమీద జారి కుడి చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా ఆ కాలు నేలకు ఆనించాలంటే భయం. కుట్టుమిషన్ తొక్కాలంటే ఆ కాలే కావాలి. అందుకని మేడమ్ ఈ ఆట పెట్టింది. టీవీ మీద కెమెరా, ముందు ఒక పలక. పలకమీద నిలబడి ఒళ్ళు ఎటు వంచితే బొమ్మ అటు జారుతుంది. వెనక్కి వాలితే ఆగుతుంది. చెయ్యెత్తితే చెయ్యెత్తుతుంది. రోజుకు ఒక్క ఆట. మంచును ఆమె ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు.

ఆ తెల్లబొమ్మ ఎవరని అడిగింది. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టే ఓపిక లేక 'పేషెంట్' అని ఒకటే పేరు పెట్టానని మేడమ్ చెప్పింది. దాంతో మిషన్ అందరినీ ఒకే మనిషి అనుకుని, అంతకుముందు ఆడినవాళ్ళ ఆటను నీడలా చూపిస్తుందట. ఆడేది ఇద్దరే. పొద్దున తొమ్మిదికి ఒకాయన, సాయంత్రం అయిదుకి ఈమె.

మర్నాడు ఆ నీడ చెట్టు దగ్గరకు రాగానే ఆగింది. ఎవరికోసమో చూస్తున్నట్టు అటూ ఇటూ వంగి, తర్వాత కదిలింది.

ఆ మర్నాడు ఆమె కూడా అక్కడ ఆగింది. మేడమ్ చూడటం లేదని తేల్చుకుని చెయ్యి సగం ఎత్తి, సిగ్గేసి దించేసింది. నాలుగో రోజు నీడ చెయ్యి నిండుగా ఎత్తింది. వాలడం మరిచిపోయి ఆమె తిన్నగా చెట్టులోకి పోయింది.

ఇంటికెళ్ళి ఈ సంగతి చెల్లికి చెప్పింది.

"తల గోక్కున్నాడేమో అక్కా" అంది చెల్లి.

కావచ్చు. అంత ఎత్తున ఎవరు గోక్కుంటారు? పోనీ తనకేనా చెయ్యెత్తింది, ఇంకెవరికైనా ఎత్తాడా? నీడకు మొహం ఉండదు కదా, ఏమని తెలుసుకోవడం?

"అరవై ఏళ్ళాయన అయితే ఏం చేస్తావు?"

"నమస్కారం పెడతాను."

చెల్లి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

మూడు వారాలయ్యాక మేడమ్ కాలు నొక్కి చూసి, శనివారంతో సరి, ఇక రానక్కర్లేదంది. సంతోషించాల్సిన మాట. ఆమెకేమో ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టయింది. శనివారం దాటితే ఆ మనిషి ఎవరో ఎప్పటికీ తెలియదు. మేడమ్‌ని అడిగితే ఒక పేషెంటు సంగతి ఇంకో పేషెంటుకు చెప్పదు. చివరికి శుక్రవారం తన ఆట అయ్యాక, రేపు సాయంత్రం అర్జెంటు కుట్టుపని ఉంది, పొద్దున తొమ్మిదికి రావచ్చా అని అడిగింది. అబద్ధమాడుతుంటే చెవులు వేడెక్కాయి.

శనివారం ఆమె వచ్చేసరికి లోపలి గదిలోంచి ఒక తాతయ్య కర్ర ఊపుకుంటూ బయటికొచ్చాడు. ఆమె గబుక్కున నమస్కారం పెట్టింది.

"మంచు ఆట మీరేనాండీ ఆడేది?"

"ఆ జారుడు నాకెందుకమ్మా? నాది బంతి పిసుకుడు వైద్యం" అన్నాడాయన.

ఊపిరి పీల్చుకుని పలక ఎక్కింది. తెల్లనీడ వచ్చింది. ఆమె ఎక్కడ తడబడుతుందో అక్కడే తడబడింది. కాసేపటికి ఆమెకు అర్థమైంది. అది నిన్నటి తన నీడే.

"ఆ తొమ్మిది గంటలాయన నిన్న ఫోన్ చేసి సాయంత్రం అయిదుకి మార్చుకున్నాడు. ఏదో డ్యూటీ అట" అంది మేడమ్.

డ్యూటీ నిజమా? తన కుట్టుపని ఎంత నిజమో అంతేనా? సాయంత్రం అతనికి కనబడేది ఈ ఆట నీడే. చెట్టు దగ్గర వెనక్కి వాలి ఆగింది. ఆగి, మెల్లగా పలకమీద కూర్చుంది. బొమ్మ కూడా మంచులో కూర్చుంది. టైము అయిపోయేదాకా లేవలేదు. ఏం చేస్తున్నావని మేడమ్ రెండుసార్లు అడిగింది.

సాయంత్రం అయిదుకి వచ్చి బయట బెంచీమీద కూర్చుంది. పది నిమిషాలకు లోపలి తలుపు తెరుచుకుని, మోకాలికి బెల్టు, ఒంటిమీద లైన్‌మన్ చొక్కా ఉన్న ఒకతను కుంటుతూ వచ్చాడు.

"మేడమ్, ఆవిడకేమైంది? దారి మధ్యలో కూర్చుండిపోయారు. కాలు మళ్ళీ గానీ..."

బయట బల్ల దగ్గర రాసుకుంటున్న మేడమ్ తలెత్తకుండా పెన్నుతో బెంచీ వైపు చూపించింది.

అతను చూశాడు. ఆమె లేచి నిలబడింది, రెండు కాళ్ళమీదా సమంగా.

"పడ్డారా?"

"లేదు. ఆగాను."

అతను మోకాలి బెల్టు విప్పి మళ్ళీ బిగించుకున్నాడు.

"నాకు ఇవాళ డ్యూటీ ఏమీ లేదండీ."

"నాకూ కుట్టుపని లేదు."

"ఆ రోజు మీరు చెయ్యి సగం ఎత్తింది..."

"మీకే."

ఆ మాట తనే అందా, ఇంకెవరైనా అన్నారా అని ఆమె ఒక క్షణం తికమకపడింది.

ఇంకా టైముంది, ఎవరో ఒకరు ఎక్కండి అని మేడమ్ కేకేసింది. ఇద్దరూ ఎక్కారు. పలక చిన్నది, భుజాలు తగిలాయి. ఎవరి వెంట పోవాలో తెలియక బొమ్మ కాస్త ఇటు వంగింది, కాస్త అటు వంగింది, కాళ్ళు మెలిపడి నిలబడిపోయింది. తెరమీద పెద్ద అక్షరాలు వచ్చాయి: 'ఒక్కరే నిలబడండి.'

ఇద్దరిలో ఎవరూ దిగలేదు.