తొంభై ఏడు మైళ్ళ అబద్ధం

“ఫిట్టర్ గారు ఉన్నారా?” అని అడిగాను.

“ఉన్నారు,” అంది ఆ అమ్మాయి, తలెత్తకుండానే. గోల్ఫ్ క్లబ్ ఒకదాన్ని బెంచికి బిగించి, దాని పాత రబ్బరు పిడిని కత్తితో నిలువునా కోసి ఒలుస్తోంది.

“కొంచెం పిలుస్తారా?”

“ఫిట్టర్ గారూ!” అని గట్టిగా పిలిచింది. తర్వాత కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది. “వచ్చాను. చెప్పండి.”

రోజుకి ఇరవై మంది చేత నోళ్ళు తెరిపించే వృత్తి నాది. ఆ రోజు మాత్రం తెరుచుకున్నది నాదే.

నేను పళ్ళ డాక్టర్ని. మా క్లినిక్‌లో సీనియర్ మాట కాదనలేక ఆదివారాలు గోల్ఫ్ మొదలుపెట్టి, ఆరు నెలల్లో పూర్తిగా పిచ్చెక్కిపోయాను. ఇక అద్దె క్లబ్బులతో లాభం లేదని, సొంతంగా ఒక డ్రైవర్ కొనుక్కుందామని, మనిషి ఆటని కొలిచి తగిన క్లబ్ బిగించిచ్చే ఫిట్టర్ ఉన్న ఆ షాపుకి వెళ్ళాను. డ్రైవర్ అంటే మొదటి దెబ్బ కొట్టే పొడవాటి క్లబ్. కింద రెండు పిడికిళ్ళంత తల, పైన షాఫ్ట్ అనే కడ్డీ. మనం ఎంత వేగంగా ఊపుతామో దాన్ని బట్టి ఆ కడ్డీ గట్టిగానో మెత్తగానో ఉండాలి. ఇదంతా అప్పటికి నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడటం మాత్రం బాగా తెలుసు.

“ఎక్స్‌ట్రా స్టిఫ్ షాఫ్ట్ కావాలండీ.”

“ఎందుకు?”

“మా సీనియర్ అదే వాడతారు.”

“ఆయన కళ్ళజోడు కూడా మీరే పెట్టుకుంటారా?”

“ఆయనకి కళ్ళజోడు లేదు.”

“బతికిపోయారు. లేకపోతే ఈపాటికి ఏ స్తంభానికో గుద్దుకునేవాళ్ళు. రండి, కొలుద్దాం.”

ఫిట్టింగ్ గది చిన్నది. ఎదురుగా వల, కాళ్ళ కింద పచ్చ చాప, పక్కన నేల మీద కెమెరా ఉన్న చిన్న పెట్టె. కొట్టిన ప్రతి దెబ్బకీ క్లబ్ ఎంత వేగంగా తిరిగింది, బంతి ఎంత ఎత్తు లేచింది, అన్నీ గోడ మీది తెరలో అంకెలుగా పడతాయి.

“పది బంతులు కొట్టండి. మామూలుగా కొట్టాలి. నాకు మీ మామూలు స్వింగ్ కావాలి, మీ గొప్ప స్వింగ్ కాదు,” అని చెప్పి, చేతులు కట్టుకుని నా వెనక నిలబడింది. జుట్టు ముడిలో పెన్సిల్ ఒకటి గుచ్చుకుని ఉంది.

మామూలుగానే కొడదామనుకున్నాను, ఒట్టు. కానీ క్లబ్ పైకెత్తేసరికి ఆ పెన్సిల్ అమ్మాయి చూపు నా భుజం మీద పడింది. నడుములో ఎక్కడో దాక్కుని ఉన్న బలమంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. బంతి వెళ్ళి తగిలిన ఊపుకి వల గోడని కొట్టుకుంది.

“తొంభై ఏడు!” అంది. “గంటకి తొంభై ఏడు మైళ్ళు! మిమ్మల్ని చూస్తే ఎనభై ఐదు దాటదనుకున్నాను.”

“మనిషిని చూసి అంచనా వెయ్యకూడదండీ.”

పది బంతులూ అలాగే కొట్టాను. ఎనిమిదో బంతికి పక్కటెముకల కింద ఏదో కలుక్కుమంది. అయినా నవ్వుతూనే నిలబడ్డాను.

“ఇది మీ మామూలు స్వింగేనా?”

“మామూలే.”

“ఆదివారం పొద్దున్న కూడా ఇలాగే కొడతారా?”

“ఇంకా బాగా కొడతాను. ఇక్కడ కాస్త ఇరుగ్గా ఉంది.”

ఆమె ముడిలోంచి పెన్సిల్ తీసింది. ముడి విడిపోయింది. అది చూస్తూ ఆమె ప్రశ్న సగమే విన్నాను. “...ఆఖరిసారి అడుగుతున్నాను. అబద్ధం చెప్పి షాఫ్ట్ బిగించుకుంటే అది మీ మాట వినదు.”

“మామూలే అంటున్నాను కదండీ బాబూ!”

ఎక్స్‌ట్రా స్టిఫ్ అక్కర్లేదనీ, అంతకన్నా ఒక మెట్టు మెత్తనిది, ఉత్త స్టిఫ్, నా వేగానికి సరిపోతుందనీ తేల్చింది. నిదానంగా ఊపేవాళ్ళకైతే రెగ్యులర్ అని ఇంకా మెత్తనిది ఉంటుందట. ఆ మాట నా గురించి కాదన్నట్టు తలాడించాను.

బయట కౌంటర్ దగ్గర షాపు యజమాని, వాళ్ళ నాన్న, కుడి దవడని అరచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

“కింది వరసలో చివరి పన్నాండీ? నేను పళ్ళ డాక్టర్ని,” అన్నాను, అలవాటు ఊరుకోక.

“నా పళ్ళ జోలికి రాకు బాబూ,” అన్నాడు పెద్దాయన. ఆయన వెనక నల్లబోర్డు మీద సుద్దముక్కతో తొమ్మిది గీతలు గీసి ఉన్నాయి. ఏమిటా అని అడగలేదు. నా ధ్యాసంతా గదిలోనే ఉండిపోయింది.

తర్వాత మూడు ఆదివారాలు నా బతుకు బాతుల పాలైంది. ఆ డ్రైవర్‌తో ఎలా కొట్టినా బంతి పైకి లేవదు. నేలబారుగా కుడివైపు వెళ్ళి చెరువులో పడుతుంది. గడ్డపారతో బంతి ఆడుతున్నట్టుండేది. నేను క్లబ్ ఎత్తగానే చెరువులో బాతులు అవతలి గట్టుకి వెళ్ళిపోవడం నేర్చుకున్నాయి.

“ఇది నీకోసం చేసింది కాదోయ్,” అన్నాడు మా సీనియర్. “బాగా ఆడేవాడెవడికో చేసింది నీకు అంటగట్టారు.”

సరే, వెనక్కి ఇచ్చేద్దామని బయలుదేరాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, సెంటు కొట్టుకున్నాను. క్లబ్ వాపసు ఇవ్వడానికి సెంటెందుకని మాత్రం నన్ను నేను అడగలేదు.

కౌంటర్ దగ్గర పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. దవడ ఇంకాస్త వాచింది.

“ఇది నాకు పడటం లేదండీ.”

ఆయన తడిగుడ్డ తీసుకుని బోర్డు మీద తొమ్మిది గీతలూ తుడిచేశాడు.

“అదేమిటండీ?”

“మా అమ్మాయి కొలిచి ఇచ్చిన క్లబ్బులు. వాపసు రాని క్లబ్బుకొక గీత. వరసగా పదయితే ఆ ఫిట్టింగ్ గది దానికే అప్పగిస్తానన్నాను. ఒక్కటి వెనక్కొచ్చినా మా అన్నయ్య కొడుకుని పిలిపించి కూర్చోబెడతానన్నాను. నువ్వు పదోవాడివి.”

అప్పుడే ఆమె గదిలోంచి వచ్చింది. ముందు బోర్డు చూసింది, తర్వాత కౌంటర్ మీద డ్రైవర్ చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేవాణ్ణి. కోపం లేదు. తన పని మీద తనకే మొదటిసారి అనుమానం వచ్చినట్టు చూసింది.

“నేను సరిగ్గానే కొలిచాను నాన్నా,” అంది నెమ్మదిగా.

“అయితే ఎందుకు వాపసొచ్చిందమ్మా? నువ్వు ఇక్కడే ఉండు. నేను కొలుస్తాను.”

గదిలో పెద్దాయన ముందు కొట్టాను. ఎనభై ఐదు. ఎనభై ఆరు. ఎనభై నాలుగు.

“ఎనభై ఐదు!” అని నుదురు కొట్టుకున్నాడు. “రెగ్యులర్ ఇవ్వాల్సిన మనిషికి స్టిఫ్ బిగించిందా! పన్నెండు మైళ్ళ తప్పు! ఇవాళే మా అన్నయ్యకి ఫోన్ చేస్తాను.”

నోరు మూసుకుంటే నాకు కొత్త షాఫ్ట్ వస్తుంది. పరువు కూడా మిగులుతుంది. గది మాత్రం ఆ అమ్మాయికి పోతుంది. ఎంత పిరికివాడినైనా అంత నీచుణ్ణి కాదు.

“ఆగండి సార్. కొలత తప్పు కాదు. ఆవిడ నన్ను పదేపదే అడిగింది. నేనే అబద్ధం చెప్పాను.”

“మెషిన్‌కి అబద్ధం ఎలా చెబుతావయ్యా?”

“ఎలాగంటే...” క్లబ్ పిడి చొక్కాతో తుడిచాను. “ఆవిడ చూస్తుంటే నేను వేరేలా కొడతానండీ.”

“అంటే?”

“ఆవిణ్ణి ఒకసారి లోపలికి రమ్మనండి.”

ఆమె వచ్చి పాత చోటే నిలబడింది. క్లబ్ ఎత్తాను. తొంభై ఏడు.

పెద్దాయన తెర దగ్గరికి వెళ్ళి చూశాడు. “నువ్వు బయటికెళ్ళమ్మా.” ఎనభై ఐదు. “లోపలికి రా.” తొంభై ఎనిమిది. “మళ్ళీ వెళ్ళు.” ఎనభై నాలుగు. మెషిన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. కెమెరా అద్దం చొక్కాతో తుడిచాడు. చివరికి ఆమె నిలబడ్డ చోట తనే నిలబడి, ఆమెలాగే చేతులు కట్టుకున్నాడు.

“ఇప్పుడు కొట్టు.”

ఎనభై ఒకటి.

“మెషిన్ బాగానే ఉంది,” అన్నాడు పెద్దాయన.

ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి రాయాలని పెన్సిల్ తీసింది కానీ కాగితం తెచ్చుకోలేదు.

“డాక్టరూ, ఇంత మాట నోటితో చెప్పలేక బంతుల్ని చావబాదావా?” అని పెద్దాయన కూతురి వైపు తిరిగాడు. “నీ కొలత తప్పు కాదమ్మా. తొమ్మిది గీతలూ మళ్ళీ గీస్తాను. పదోది మాత్రం ఇప్పుడే గియ్యను. ఈ డ్రైవర్ మూడు నెలలు వాపసు రాకూడదు. ఆలోచించుకో, షాఫ్ట్ మార్చి రెగ్యులర్ బిగిస్తావా?”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. షాఫ్టుని చూసినట్టే చూసింది.

“మార్చను. ఆదివారం మీ ఆట ఎన్నింటికి?”

“ఏడింటికి.”

“ఆరున్నరకి వస్తాను. ఫిట్టర్‌గా వస్తున్నాను, గుర్తుంచుకోండి. నేను చేసిన క్లబ్ ఎలా పనిచేస్తోందో చూసుకోవాలిగా.”

ఆదివారం వచ్చింది. ఆమె వెనక నిలబడింది. బంతి చెరువు దాటి, తిన్నగా వెళ్ళి, గడ్డి మధ్యలో పడింది. రెండో దెబ్బ చెరువులో పడింది.

“మీరు చూడలేదు కదూ?” అన్నాను.

“షూ లేస్ ఊడింది.”

“లేస్ కట్టుకునేటప్పుడు ముందే చెప్పండి, ఆగుతాను.”

నాలుగో ఆదివారం వాన పడింది. ఇద్దరికీ ఒకటే గొడుగు. ఆమె సగం, నేను సగం, మధ్యలో తడవకుండా డ్రైవర్. ఆ రోజు ఆమె నన్ను ‘నువ్వు’ అంది. తొమ్మిదో ఆదివారం ఆమె ఫోన్‌లో మాట్లాడుతూ అటు తిరిగి ఉండగా కొట్టాను. బంతి చెరువు మీంచి హాయిగా వెళ్ళిపోయింది.

“నేను చూడలేదు కదా, ఎలా దాటింది?” అంది అనుమానంగా.

“నువ్వు చూస్తున్నావనుకుని కొట్టాను.”

ఆమె పెన్సిల్ సర్దుకునే నెపంతో చాలాసేపు జుట్టు సర్దుకుంది.

మూడు నెలలు పూర్తయిన వారం, పెద్దాయన పన్ను ఇక ఆగనంది. కూతురు చెయ్యి పట్టుకుని మా క్లినిక్‌కి తీసుకొచ్చింది. కుర్చీలో పడుకోబెట్టి, మత్తిచ్చి, పన్ను పీకే పట్టకారు చేతిలోకి తీసుకున్నాను. ఆయన చెయ్యెత్తాడు.

“ఆగు. ముందు దాన్ని బయటికి పంపించు.”

“అదేంటి నాన్నా, నేనుంటే నీకు ధైర్యం కదా?”

“నా ధైర్యం సంగతి సరే. నువ్వుంటే వీడి స్పీడ్ పెరుగుతుంది. నాకు ఎనభై ఐదు చాలు.”

ఆమె నవ్వుకుంటూ వెళ్ళింది. పన్ను నెమ్మదిగానే వచ్చింది. ఆయన నోట్లో దూది పెట్టి, “గట్టిగా కొరికి పట్టుకోండి. అరగంట మాట్లాడకూడదు,” అన్నాను.

“అరగంట మాట్లాడకూడదా?” అంటూ ఆమె లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. “అయితే నాన్నా, ఒక మాట. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. నీకు అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పు.”

చేతిలో పట్టకారు ట్రేలో పడి ఖంగుమంది. ఈ మాట నేను కూడా అప్పుడే వినడం. “నీకేమైనా అభ్యంతరమా?” అని నన్నడిగింది. నా నోట్లో దూది లేదు, అయినా మాట రాలేదు. అడ్డంగా, నిలువుగా, అన్ని వైపులా తలాడించాను.

పెద్దాయన మందులు రాసే చీటీల పుస్తకం అందుకున్నాడు. కూతురి ముడిలోంచి పెన్సిల్ లాగి రాశాడు: ‘సరిగ్గా కొలిచావా?’

“పన్నెండు ఆదివారాలు నాన్నా,” అంది. ఈసారి గొంతులో అల్లరి లేదు. “గెలిచినప్పుడూ, ఓడినప్పుడూ, నేను చూడనప్పుడూ కూడా కొలిచాను. మంచివాడు.”

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చీటీ మీద ఒక్కొక్కటే గీతలు గియ్యడం మొదలుపెట్టాడు. తొమ్మిది గీసి ఆగాడు.

పదోది కాస్త పొడుగ్గా గీశాడు. దాని కింద రెండు ముక్కలు రాసి, చీటీ చింపి, కూతురి చేతిలో పెట్టాడు.

‘గది నీది. ఇతను వాపసు తీసుకోబడడు.’