పదకొండు మిల్లీసెకన్ల గాలి

తాళ్లెక్కే మరతొడుగుల్లో ఏడోదాని పట్టుచోదకం, అంటే ఉక్కుగోళ్లను నడిపే ప్రోగ్రాం, ఆ ఉదయం రెండోసారి చచ్చి మళ్లీ లేచింది. కింద తెర ముందు కూర్చున్న ఇంజనీరు రేణుక ఆ సంగతి రాసుకుని ఊరుకుంది. వసారాలో, అంటే నడుము బెల్టును పట్టి ఉంచే లోగదికి బయట, నడిచే చోదకాలతో ఉన్న సుఖమే అది. ఒకటి పడితే దాన్నొక్కదాన్నే లేపుకోవచ్చు. మిగతా తొడుగుకు చీమ కుట్టినట్టయినా ఉండదు, చెట్టు మీది మనిషికి నడుము బెల్టు బిగిసే ఉంటుంది.

"నువ్ కుర్చీల కూసొని సల్లగ చెప్తవ్ బిడ్డా," అన్నాడు భిక్షం, తన తొడుగు విప్పుతూ. నలభై ఏళ్లుగా తాళ్లెక్కి కల్లు దించుతున్న మనిషి. "కాలు ఆనినంక ఆగి ఆగి దిగుతది ఉక్కుగోరు. ఆ సందుల పానం గాలిల ఉంటది. చోదకాన్ని లోగదిల పెట్టుమని మూడు నెలల సంది మొత్తుకుంటున్న."

"ఆలస్యం పదకొండు మిల్లీసెకన్లే పెద్దబాపూ. లోగదిల పెడితే అదీ ఉండదు. కాని అక్కడ పడ్డదంటే బెల్టును గూడ పట్టుకపోతది."

"నువ్వొక్కపారి ఎక్కి సూడు."

చదువుకున్నవాళ్లకు రోషం తక్కువంటారు గాని రేణుకకు దండిగానే ఉంది. అతను విప్పిన తొడుగు వేసుకుంది.

ప్రయోగశాలలో పుట్టిన తాడి, నూట పది అడుగులు. నలభై దాకా బాగానే ఎక్కింది. ఆ పైన గాలికి మాను ఊగింది.

"అక్కా, కిందికి సూడకు!" పక్క చెట్టు మీంచి భిక్షం కూతురు మంజుల కేకేసింది.

రేణుక కాలు ఆనించింది. గోరు దిగలేదు. తర్వాత దిగింది. ఈలోగా ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. మరో రెండడుగులకు చోదకమే చచ్చి రెండు గోళ్లూ వదిలేశాయి. బెల్టు ఆపింది. అర సెకనుకు గోళ్లు మళ్లీ మానును పట్టుకున్నాయి.

కిందికొచ్చి తొడుగు విప్పింది.

"మారుస్తవా మరి?" అన్నాడు భిక్షం.

"మస్తు భయమైంది పెద్దబాపూ. నీ మాటా నిజమే, నా మాటా నిజమే. పానం నీది. మార్పుకు వేలిముద్ర నువ్వే పెట్టు."

వేలిముద్ర చెల్లేది నిర్వాహకులదే, ఎక్కేవాళ్లను ఆ జాబితాలో చేర్చకూడదు. తెర ఎర్రబడి అదే చెప్పింది. రేణుక అయినా అతని పేరు చేర్చింది.

భిక్షం వేలు పెట్టాడు. చోదకం లోగదిలోకి వెళ్లింది. వెంటనే తెర మామూలుగా అడిగింది: వనంలోని అన్ని తొడుగులకూ ఇదే పద్ధతేనా? ఆ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

భిక్షం పక్క చెట్టు వైపు చూశాడు.

"నాదొక్కటే," అన్నాడు. "మంజులది బయటనే ఉండనీ."