హైమను దిద్దిన యంత్రం

రెండువేల నలభై ఆరు, ఎండాకాలం. విశాఖపట్నంలోని ఒక సీరియల్ స్టూడియోలో హైమవతి తలకు సెన్సర్ల టోపీ పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గాజుగోడ. గోడ అవతల హాలు నిండా ప్రేక్షకులు, ఒక్కొక్కరి మణికట్టుకు ఒక పట్టీ.

యంత్రం చేసే పని ఇంతే. టోపీ పెట్టుకున్న మనిషి నడవడినీ మాటతీరునూ గొంతునూ చదువుకుని, తెర మీద ఒక పాత్రను పుట్టిస్తుంది. పట్టీలు ప్రేక్షకుల నాడి చూస్తాయి. నాడి ఎక్కడ మందగిస్తే అక్కడ యంత్రం పాత్రను మార్చేస్తుంది. నాడి లేచేదాకా మారుస్తూనే ఉంటుంది. దీన్ని కనిపెట్టిన పరాంకుశం గారికి అందులో తప్పేమీ కనిపించలేదు.

హైమ డబ్బింగ్ చెబుతుంది. ఆమెకు ఆటిజం. గుంపు సీన్లకు ఆర్టిస్టులందరూ ఒకే మైకు చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడతారు. ఆ రాపిడికి ఆమెకు మాట పెగలదు. ఆటిజం ఉందని సర్కారు ఇచ్చిన కార్డు ఉంది కాబట్టి స్టూడియో ఆమెకు వేరే చిన్న గది ఇచ్చింది. మసక లైటు, ఒక మైకు. ఆ గది ఉంటేనే ఆమెకు పని.

కథల్లో తనలాంటి ఆడపిల్లలను చూస్తే హైమకు ఒళ్ళు మండేది. అయితే లెక్కలు చేసే మరబొమ్మ, లేదంటే పక్కవాళ్ళు జాలిపడి మంచివాళ్ళు అనిపించుకోవడానికి పుట్టిన పిల్ల. ఉన్నది ఉన్నట్టు చూపిస్తామంటేనే టోపీ పెట్టుకుంది.

తెర మీద మొదట ఆమే కనిపించింది. కళ్ళలోకి చూడలేక కనుబొమల మధ్య చూడడం. నలుగురూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా కలిపే నవ్వు. పెళ్ళిలో అందరినీ పలకరించి, ఇంటికొచ్చి చీకట్లో నేల మీద పడిపోవడం. పట్టీలు చల్లబడ్డాయి.

యంత్రం ఆ నవ్వు తీసేసింది. ఒళ్ళంతా ఊగించింది. గొంతులో ఎత్తుపల్లాలు చదును చేసింది. కొండంత గుణకారాలు నోటికి చెప్పించి, వెన్నెల అని పేరు పెట్టింది. పట్టీలన్నీ ఒక్కసారి వెలిగాయి.

"నాకు పదమూడో ఎక్కం రాదు సార్," అంది హైమ.

"నీకు రాకపోతేనేం, వెన్నెలకి వస్తుంది. జనం నమ్మాలి కదమ్మా," అన్నాడు పక్కనే ఉన్న పరాంకుశం.

"అంటే నన్ను నమ్మలేదు."

"నువ్వు మరీ మామూలుగా ఉన్నావు."

"అలా ఉండడానికి నా ఒళ్ళెంత హూనమవుతుందో మీ పట్టీలకేం తెలుసు? ఆ పిల్లను తీసెయ్యండి."

తియ్యలేదు. సీరియల్ ఇంటింటా ఆడింది.

మరుసటి ఏడు కార్డులిచ్చే కేంద్రం వాళ్ళు అదే యంత్రాన్ని తెచ్చి పెట్టుకున్నారు. ఆటిజం ఉన్న ఆడపిల్ల ఎలా ఉంటుందో అంతమంది నాడి చూసి నేర్చుకున్న యంత్రం మరి. పాత కార్డులున్నవాళ్ళు కూడా దాని ముందు నెగ్గాలన్నారు.

హైమ వెళ్ళేసరికి వరండాలో తల్లులు కూతుళ్ళకు పాఠం చెబుతున్నారు. "డాక్టరుగారి మొహం చూడకే. ఊగు. అబ్బ, ఇంకాస్త ఊగవే."

లోపల పరాంకుశమే ఉన్నాడు. ఆయన అడిగినవాటికి హైమ జవాబులు చెప్పింది. యంత్రం మీద ఎర్రలైటు వెలిగింది.

"ఆటిజం లేదంటోంది," అన్నాడాయన.

"వెన్నెలను నాలోంచే కదా తీశారు."

"అందుకే చెబుతున్నా." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్క నిమిషం వెన్నెలలా చెయ్యి. పచ్చలైటు వస్తుంది. నీకు కష్టమేముంది?"

హైమ ఎప్పటిలాగే ఆయన కనుబొమల మధ్య చూసింది. "పుట్టినప్పట్నుంచీ మీలాంటివాళ్ళ కోసం మామూలు మనిషిలా నటిస్తూనే ఉన్నాను. ఇప్పుడు మీ మిషన్ కోసం నాలా నటించాలా? చెయ్యను."

"మొండికేస్తే గది పోతుందమ్మాయ్."

"పోనివ్వండి."

శ్రావణమాసంలో స్టూడియోలోని హైమ గదిలో పాత ఫ్యాన్లు పడేసి తాళం వేశారు. వెన్నెల ఇప్పటికీ హైమ గొంతుతోనే మాట్లాడుతోంది. హైమ మళ్ళీ మైకు ముందు నిలబడలేదు.