మూతి ముందరి పొగ

పొద్దున్నే లేచి గోడ వైపు చూసేసరికి బాలమణి నవ్వుతోంది. పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతోంది.

గంగారాం మంచం మీదే కూర్చుండిపోయాడు. నిన్న పడుకునేటప్పుడు గోడపలక మీది బొమ్మలో ఆమె మూతి ముడుచుకునే ఉంది. ఆమె పోయిన నాటినుంచీ అట్లాగే ఉంది. అయినా ఆమె ఇట్లా నవ్వే మనిషి కాదు. ముందరి పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు ఆ పన్ను కూడా నిండుగా ఉంది.

కోడలు నవనీత చాయ్ గ్లాసుతో వచ్చింది.

"సూసిండ్రా మామా? అత్తమ్మ ఎట్లుంది?"

ఆయన గ్లాసు అందుకున్నాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఆయనకు ఎక్కువ.

"రేపు సంవత్సరీకానికి చుట్టాలందరొస్తరు గద. ఆ అలిగిన మొకం ఎందుకని దిద్దిచ్చిన. మీ అబ్బాయి గూడ సరే అన్నడు."

ఆ రోజుల్లో నగరంలో ఎవరూ ఫోటో తీసేవారు కాదు. తీయవలసిన పని లేదు. ప్రతి స్తంభానికీ, ప్రతి చెరువుకట్టకీ తేటకళ్ళు అమర్చి ఉన్నాయి. మనిషి నిలబడి మణికట్టు మీది చేతిపలకను రెండుసార్లు తడితే, చుట్టూ ఉన్న కళ్ళన్నీ కలిసి ఒక బొమ్మ చేసి పంపుతాయి. అందులో దుమ్ముండదు, మంచుండదు, ఏ మసకా ఉండదు. చలికాలం పొద్దున గోల్కొండ మొత్తం మంచులో మునిగినా బొమ్మలో మాత్రం రాయి రాయీ లెక్కపెట్టుకోవచ్చు. జనం మురిసిపోయారు. బొమ్మలన్నీ నగర చిత్రకొట్టంలో ఉంటాయి. ఇంటివాళ్ళు ఒక్కసారి ముఖదిద్దుకు ఒప్పుకుంటే చాలు, ఆ మనిషి బొమ్మలన్నీ ఉన్నచోటల్లా మారిపోతాయి.

బాలమణి బొమ్మలన్నీ చలికాలానివే. ఎండాకాలం చెమట మొకం ఎవరికి కావాలని చేతిపలక తట్టనిచ్చేది కాదు. చలి మొదలైతే మాత్రం ఆదివారం తొలి బస్సుకే బయల్దేరదీసేది. ఒకవారం గండిపేట కట్ట, ఒకవారం గోల్కొండ, ఒకవారం శామీర్‌పేట చెరువు. కొడుకు ఎన్నడూ వెంట రాలేదు. వాడికి పొద్దెక్కితే గాని తెల్లవారదు.

నవనీత ఇంకా గోడనే చూస్తోంది. ఏడాది తిరగకముందే కొడుక్కి పెళ్ళి చేస్తే మంచిదని పెద్దలంటే, బాలమణి పోయిన నాలుగు నెలలకే ఈ పిల్లను తెచ్చుకున్నారు. అత్తను కళ్ళతో చూసింది లేదు.

"ఒక మాట చెప్పాల్నా మామా? రోజు ఆ మొకం సూసుకుంటనే పొయ్యి ముట్టిస్తుంటి. ఒక్క బొమ్మల గూడ మంచిగ సూడది. నేనొచ్చుడు ఆమెకు ఇష్టం లేదేమో అనిపిస్తుండె."

గంగారాం తలెత్తాడు. ఈ మాట ఆ పిల్ల ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకు తిరిగిందని ఆయనకు తెలియదు. చాయ్ అట్లాగే కింద పెట్టేశాడు.

"షాలు కప్పుకో బిడ్డా. గండిపేట పోదాం."

"ఇప్పుడా? గారెలకు పప్పు నానబొయ్యాలె మామా!"

"వచ్చినంక నానబోద్దువు."

కట్ట మీద దిగేసరికి మంచు పాలు పొంగినట్టు ఉంది. చెరువు లేదు, అవతలి గట్టు లేదు. వచ్చినవాళ్ళు జంటలు జంటలుగా నిలబడి మణికట్లు తట్టుకుంటున్నారు. తట్టి, పలకలో తేటగా కనబడే నీళ్ళు చూసుకుని, వెళ్ళిపోతున్నారు. ఎదురుగా ఉన్న మంచు వైపు ఎవరూ చూడటం లేదు.

చాయ్ బండి దగ్గర జహంగీర్ గుర్తుపట్టాడు. ఇరవై చలికాలాలు వీళ్ళిద్దరికీ చాయ్ పోసినవాడు.

"క్యా గంగారాం భాయ్! ఏడాదికి యాదికొచ్చిన్నా? ఈమెవరు?"

"కోడలు."

"హమ్మయ్య, ఒక మాటన్న మాట్లాడినవ్. కూసో అమ్మా. అగో, నా బోర్డు సూడు."

బండి మీది పలకలో చాయ్ గ్లాసు బొమ్మ ఉంది. తళతళ మెరుస్తోంది.

"మంచిగుంది కాకా," అంది నవనీత.

"ఏం మంచి! సల్లారిన చాయ్ అమ్ముతున్నవా అని అడుగుతరు. ఆవిరి గూడ మసకేనట ఆ కండ్లకు. తుడిచి పారేస్తది. ఇగ నేను పొయ్యి ఎవరికోసం ముట్టియ్యాలె చెప్పు!"

నవనీత నవ్వింది. గంగారాం ఆమెను కట్ట అంచు దాకా తీసుకుపోయాడు.

"ఊదు."

"ఏంది మామా?"

"నోటితోని. గట్టిగ."

ఆమె అటూ ఇటూ చూసి, మూతి ముందుకు చాచి ఊదింది. తెల్లటి పొగ బారెడు పోయి మంచులో కలిసింది.

"అయ్యో, బీడీ తాగినట్టే ఉంది!"

గంగారాం చెరువు ఉండవలసిన వైపు చూశాడు.

"మీ అత్త గూడ గదే అంటుండె. 'నా బీడీ నీ బీడీ కంటె పెద్దది, సూడు' అని. ఊదినప్పుడల్ల నేను పలక తడుతుంటి, ఆ పొగ బొమ్మల వస్తదని. ఎన్నడు రాలె. ఉత్త మూతి వస్తుండె. వచ్చేవారమన్న వస్తదని మళ్ళ వస్తుంటిమి."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నవనీత ఎన్నడూ వినలేదు. మొదట మాటలే విన్నది. ఆ తరువాత అర్థం దిగింది.

"అంటే... అత్తమ్మ అలిగింది కాదా?"

"అలుగుడు దానికి రాదు బిడ్డా."

ఆమె గబగబా చేతిపలక తట్టింది. "దిద్దింది తీసెయ్. పాతయి మళ్ళ పెట్టు."

పలక మెత్తగా జవాబు చెప్పింది. "దిద్దిన బొమ్మలకు పాత ప్రతులు ఉంచబడవు."

"ఒక్కటన్న ఉండదా? ఒక్కటి!"

"ఉంచబడవు."

నవనీత షాలు అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె తలమీద చెయ్యి వేయాలో వద్దో తెలియక గంగారాం అట్లాగే నిలబడ్డాడు.

"ఎరుకలేక చేసినవ్. ఊకో."

ఆమె ముక్కు తుడుచుకుని, ఏమనుకుందో ఏమో, చెరువు వైపు తిరిగి మళ్ళీ ఊదింది. ఇంకా గట్టిగా ఊదింది. గంగారాం వేళ్ళు పాత అలవాటున వాటంతటవే పలకను రెండుసార్లు తట్టాయి.

బొమ్మ వచ్చింది. తేట నీళ్ళు, అవతలి గట్టు, గట్టు మీద కొంగలు. ఇవతల ఒక ఆడపిల్ల మూతి ముడుచుకుని, కళ్ళు ఎర్రజేసుకుని, లోకం మొత్తం మీద అలిగినట్టు నిలబడి ఉంది.

"ఈ ముఖంలో అలక ఉంది. దిద్దమంటారా?" అని అడిగింది పలక.

"వద్దు."

"దిద్దితే ఇంకా..."

"వద్దన్న గద!"

గంగారాం అరుపుకు బండి దగ్గర జహంగీర్ కూడా తలతిప్పి చూశాడు.

మరునాడు సంవత్సరీకానికి ఇల్లు నిండింది. గోడ మీద రెండు బొమ్మలున్నాయి, బాలమణిది ఒకటి, నిన్న కట్ట మీద వచ్చిన నవనీతది ఒకటి. విస్తరి ముందు కూర్చున్న బాలమణి చెల్లెలు మొదటిదాన్ని చూసి కళ్ళొత్తుకుంది.

"మా అక్క ఎప్పుడు గిట్లనే నవ్వుతుండె. పండ్లన్ని కనవడేటట్టు."

పక్కనున్నవాళ్ళు అవునవునన్నారు. ఒకే కంచంలో తిని పెరిగిన చెల్లెలు ఆమె. ఆమెకు కూడా ఆ విరిగిన పన్ను గుర్తు లేదు. గంగారాం వడ్డిస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"కోడలేంది బావా, గట్ల అలిగింది?" అని రెండోదాన్ని చూసి ఆమే మళ్ళీ అడిగింది. "మామతోని పడ్తలేదా ఏంది?"

నవనీత గారెల గిన్నె పట్టుకుని మామ వైపు చూసింది.

"అలగలె," అన్నాడు గంగారాం. "ఊదుతుంది."

ఎవరికీ అర్థం కాలేదు. ముసలాయనకు మనసు బాగాలేదనుకుని పప్పు వడ్డించమన్నారు. ఆయన గరిటె పట్టుకునే రెండో బొమ్మ దగ్గరకు పోయాడు. ఆ మూతి ముందర, కొంగలు తేటగా కనబడుతున్న చోట, పొగ ఎంత దూరం పోవాలో ఆయన కళ్ళకు తెలుసు. అంత దూరమూ చూస్తూ నిలబడ్డాడు.